వట్టివేరు – గట్టునకు కాపు



వట్టివేరనగానే మనకు వేసవి తడికలును, కూజాలోని చల్లని నీరును జ్ఞప్తికి వచ్చును. ఆ వేళ్ళపైని గడ్డిని పోల్చగలవారు మాత్రము కొద్దిమంది. నేనిప్పుడు ముచ్చటింపదలచినది ఆ గడ్డిని గూర్చియే.

నాదర్‌గుల్ ప్రాంతపు చెలకలు ఎఱ్ఱనేలలు. పలుచనివి, పలుచోట్ల ఏటవాలుగా నుండునవి. హైదరాబాదు చుట్టుపట్ల ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును గాని, అందు ఎక్కువపాలు నైరుతి ఋతుపవనపు నాలుగు నెలలలోనే, అదియు కొన్ని గట్టి జల్లులుగా కురియును. అట్టి జల్లొకటి మీరు తోలిన పెంటను, మెత్తని పైమన్నును వాగుపాలు చేయగలదు. మన్నుగట్టు ఒకచోట తెగెనా, నీరంతయు ఆ గండినే పట్టి పోవును.

వట్టివేరు దుబ్బులు వాలునకు అడ్డముగా, సమమట్టపు వరుసలో, సందులేక పెరిగినచో నీటిని ఆపివేయవు. వేగము తగ్గించి, వడగట్టి విడుచును. మన్ను ఎగువన నిలిచి, ఏటేట మెట్టువలె ఏర్పడును. వేళ్ళు ప్రక్కలకు అంతగా ప్రాకక, నేల అనుకూలించినచోట 10 అడుగుల వఱకు నిలువుగా దిగును. కర్ణాటకములోని గుండ్లుపేట రైతులు దీనిని తరతరములుగా పొలపు హద్దున నాటుచు వచ్చిరి. 1980ల నుండి ప్రపంచ బ్యాంకు నిపుణులు గ్రీన్‌ఫీల్డు, గ్రిమ్‌షాలు దేశదేశముల దీనిని ప్రచారము చేసిరి. మన పొరుగురైతు ఎఱిగినదే లోకము చుట్టి మన వాకిటికి వచ్చినది!

“ఇది గరికవలె, తుంగవలె చేనంతయు అల్లుకొనదా?” అని మీరడుగవచ్చును. న్యాయమైన సందేహమే. దక్షిణదేశపు రకము సాధారణముగా మొలకెత్తు విత్తనము పెట్టదు. దుబ్బు ఉన్నచోటనే లావగును. ఉత్తరదేశపు అడవిరకము విత్తనము పెట్టును గనుక, పిలకలు తెచ్చునపుడు విచారించి తేవలెను.

మృగశిరలో నేల బాగుగ తడిసినపిదప, జానెడు ఆకును బెత్తెడు వేరును ఉంచి కోసిన పిలకలను, రెండుమూడేసి కలిపి, 6 అంగుళముల కొకచోట నాటవలెను. మొదటియేడు పశువులను రానీయరాదు. చచ్చినచోట వెంటనే మరల నాటవలెను. ఒక్క సందు మిగిలినను నీరు అక్కడనే దూరును.

ఇక అసలు చిక్కు. వేరునకు వెల కలదు. అత్తరువారి తైలము దానినుండియే దిగును. ధర పలుకునని గట్టుమీది దుబ్బులను త్రవ్వితిమా, మన్ను వదులై తరువాతి వానకు గట్టే పోవును. అమ్మదలచినవారు చదునైన ఇసుకపాటి నేలలో వేఱుగ మడి వేసికొని, 15 మొదలు 18 నెలలకు త్రవ్వుకొనుడు. తైలమునకు తగిన మేలురకములను లక్నోలోని కేంద్రీయ ఔషధ సుగంధ మొక్కల సంస్థ వెలువరించినది; వారి పరిశోధనా కేంద్రమొకటి మన బోడుప్పలుననే కలదు.

గట్టుమీది వరుసను మూరెడెత్తున కోయుచుండిన చాలును. లేత ఆకును పశువులు తినును. ముదిరినది కొట్టపు కప్పునకు, చెట్ల మొదళ్ళ పఱచుటకు పనికివచ్చును.