కాఫీ మానినవారికి తేనీటి విందు

‘ఇకమీదట కాఫీ మానేయండి’ అని వైద్యులు చెప్పగానే చాలామంది ముఖం వాడిపోతుంది. గుండెదడ, నిద్రలేమి, కడుపులో మంట వంటి కారణాల్లో ఏదైనా కావచ్చు. ఏళ్ల తరబడి ఆ పరిమళంతోనే ఉదయాన్ని ప్రారంభించినవారికి ఈ సలహా ఒక శిక్షలా వినిపిస్తుంది. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజున మళ్లీ పాత కప్పు అందుకునేవారు ప్రతి కుటుంబంలోనూ కనిపిస్తారు. వారికి మనోబలం లేదని నిందించడం న్యాయం కాదు. కాఫీ స్థానంలో నిలబడగల మరొక పానీయం ఆ ఇంట్లో సిద్ధంగా లేదు, అంతే. ఆ స్థానాన్ని భర్తీ చేయగల గుణం తేయాకులో ఉంది. అయితే దానిని తయారు చేసే విధానం తెలిసి ఉండాలి.

ఖహ్వా, చాయ్: రెండు ప్రయాణాలు

ముస్లిం సమాజాలకు ఈ రెండు పానీయాలతోనూ గాఢమైన అనుబంధం ఉంది. 15వ శతాబ్దంలో యెమెన్ దేశపు సూఫీలు రాత్రివేళ జిక్ర్‌లో మెలకువగా ఉండేందుకు కాఫీ సేవించేవారు. అరబీలో దానిపేరు ‘ఖహ్వా’. అంతకుముందు ఇదే పదాన్ని మద్యానికీ వాడేవారు. 1511లో మక్కాలో ఖాయిర్ బేగ్ అనే అధికారి పండితులను సమావేశపరచి కాఫీపై నిషేధం విధించాడు. కైరో పాలకుల జోక్యంతో ఆ నిషేధం త్వరలోనే సడలిపోయింది. కాలక్రమంలో కాఫీ అరబ్బుల ఆతిథ్యానికే చిహ్నంగా మారింది.

తేయాకు ప్రయాణం చైనాలో మొదలైంది. భూమార్గం వెంట పారశీకం మీదుగా వచ్చిన పేరు ‘చాయ్’. చైనా ఆగ్నేయ తీరపు మాండలికం నుంచి సముద్రమార్గాన ఐరోపాకు చేరిన పేరు ‘టీ’. తెలుగు భాష ఈ రెండింటినీ ఆదరించింది. తెలంగాణలో ‘చాయ్’ అంటాం, కోస్తాలో ‘టీ’ అంటాం, గ్రంథాల్లో ‘తేనీరు’ అని రాస్తాం.

కాఫీని వదిలి తేనీటిని స్వీకరించడం ఒక జాతి మొత్తానికి సాధ్యమేనని తుర్కియే చరిత్ర నిరూపించింది. శతాబ్దాలపాటు కాఫీకి పేరుపొందిన ఆ దేశం, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత యెమెన్‌ను కోల్పోయింది. కాఫీని విదేశాల నుంచి అధిక ధరకు కొనవలసి వచ్చింది. నల్లసముద్ర తీరంలోని రిజే ప్రాంతంలో తేయాకు సాగును ప్రోత్సహిస్తూ 1924లో ప్రభుత్వం చట్టం చేసింది. 1947లో అక్కడ తేయాకు కర్మాగారం వెలిసింది. నేడు తలసరి తేనీటి వినియోగంలో ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉన్న దేశాల్లో తుర్కియే ఒకటి.

ఆకు ఒకటే, రుచులు అనేకం

తెల్ల టీ, గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ అన్నీ ఒకే జాతి మొక్క నుంచి వస్తాయి. కోసిన ఆకు గాలితో ఎంతమేరకు చర్య జరిపింది అన్నదే వాటి మధ్య తేడా. ఆకును వెంటనే వేడిచేసి ఆ చర్యను ఆపివేస్తే గ్రీన్ టీ అవుతుంది. సగంలో ఆపితే ఊలాంగ్, పూర్తిగా జరగనిస్తే బ్లాక్ టీ తయారవుతాయి.

ఈ తేడా తెలిస్తే వంటింట్లో ఏం చేయాలో తెలుస్తుంది. బ్లాక్ టీకి సలసల మరిగే నీళ్లు కావాలి, 3 నుంచి 5 నిమిషాలు మూతపెట్టి ఉంచాలి. గ్రీన్ టీకి అంత వేడి పనికిరాదు. మరిగిన నీటిని దింపి, కొద్ది నిమిషాలు ఆగి, సుమారు 80 డిగ్రీల వద్ద ఆకు వేసి, 2 లేక 3 నిమిషాల్లో వడగట్టాలి. గ్రీన్ టీ చేదుగా, వగరుగా ఉందని పక్కన పెట్టేవారిలో అధికులు దానిని మామూలు చాయ్‌లా మరిగించినవారే.

కాఫీ ప్రియులకు మరో ప్రశ్న ఉంటుంది: ఉత్సాహం మాటేమిటి? 240 మి.లీ. కాఫీలో సుమారు 95 మి.గ్రా. కెఫీన్ ఉంటే, అంతే బ్లాక్ టీలో దాదాపు సగం, గ్రీన్ టీలో సుమారు 30 మి.గ్రా. ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి వెళ్లిపోవడానికి సగటున 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు తాగిన గట్టి కాఫీ రాత్రి 11 గంటలకూ మనలో సగం పనిచేస్తూనే ఉంటుందన్నమాట. తహజ్జుద్‌కు లేవాలనుకునేవారు, ఫజ్ర్‌కు ముందే పాఠం మొదలుపెట్టే మా మదర్సా విద్యార్థుల వంటివారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. రాత్రి నిద్ర చెడితే తెల్లవారుజామున మెలకువ రాదు.

ఇంట్లో చేసుకోదగిన ఐదు పానీయాలు

సులైమానీ: మలబారు ముస్లింల విందుల్లో బిర్యానీ తర్వాత వచ్చే పాలులేని చాయ్ ఇది. రెండు కప్పుల నీటిలో దంచిన రెండు యాలకులు, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మరిగించండి. స్టౌ కట్టేసి, చెంచా తేయాకు వేసి, మూడు నిమిషాలు మూతపెట్టండి. వడగట్టిన తర్వాతే నిమ్మరసం నాలుగు చుక్కలు పిండాలి. పిండగానే ముదురు రంగు తేలికై, బంగారు వన్నె వస్తుంది.

కాశ్మీరీ కహ్వా: పేరు కాఫీదే అయినా ఇందులో ఉండేది గ్రీన్ టీ. నాలుగు కప్పుల నీటిలో దాల్చినచెక్క, నాలుగు యాలకులు, చిటికెడు కుంకుమపువ్వు వేసి మరిగించి దింపండి. కాస్త చల్లారాక రెండు చెంచాల ఆకు వేసి, రెండు నిమిషాలకు వడగట్టి, తరిగిన బాదం పలుకులు చల్లండి. కాఫీ పరిమళాన్ని మరిచిపోలేనివారికి మొదట దీనినే ఇచ్చి చూడాలి.

మొరాకో పుదీనా చాయ్: 1850వ దశకంలో క్రిమియా యుద్ధం వల్ల ఐరోపా మార్కెట్లు దెబ్బతిన్నప్పుడు బ్రిటిష్ వర్తకులు చైనా గ్రీన్ టీని మొరాకో రేవులకు మళ్లించారు. ఆ తర్వాత అది ఆ దేశపు జాతీయ పానీయంగా స్థిరపడింది. గుళికల్లా చుట్టిన ఆకు మీద కొద్దిగా వేడినీళ్లు పోసి, కడిగి పారబోస్తారు. తర్వాత గుప్పెడు తాజా పుదీనా, చక్కెర, వేడినీళ్లు చేర్చి నాలుగు నిమిషాలు ఉంచుతారు. ఎత్తు నుంచి గ్లాసులోకి పోస్తే పైన నురగ కడుతుంది. అక్కడ చక్కెర ధారాళంగా వేస్తారు. మనం తగ్గించుకోవడమే మేలు.

తుర్కీ చాయ్: ఒకదానిపై ఒకటి అమర్చిన రెండు కెటిళ్లు వాడతారు. కింద నీళ్లు మరుగుతుంటే, ఆ ఆవిరి వేడికి పైపాత్రలో చిక్కని డికాషన్ 10 నుంచి 15 నిమిషాల్లో దిగుతుంది. గ్లాసులో కొంత డికాషన్ పోసి, ఎవరికి కావలసినంత పలుచగా వారికి నీళ్లు కలిపి ఇస్తారు. ఒకే ఇంట్లో తాతకు పలుచగా, యువకునికి చిక్కగా కావాలంటే ఇంతకన్నా సులువైన మార్గం లేదు. మన వంటింట్లో గిన్నె మీద గిన్నె పెట్టి కూడా దీనిని చేసుకోవచ్చు.

కర్కదే: ఈజిప్టు, సూడాన్ దేశాల్లో ప్రసిద్ధమైన ఈ ఎర్రని పానీయంలో తేయాకు లేదు, కెఫీన్ కూడా లేదు. మన గోంగూర జాతి మొక్క పూల ఎండు రక్షకపత్రాలతో దీనిని చేస్తారు. వేడినీటిలో ఐదు నిమిషాలు నాననిచ్చి, వేడిగానో చల్లగానో తాగవచ్చు. పుల్లగా ఉంటుంది. ఇది రక్తపోటును కొంత తగ్గిస్తుంది గనుక, ఆ మందులు వాడేవారు వైద్యుణ్ని అడిగి తాగాలి.

ఇక హైదరాబాదు ఇరానీ చాయ్ సంగతి. మూతను మూసి దమ్ మీద దించిన డికాషన్‌కు, విడిగా చిక్కగా కాచిన పాలు కప్పులో కలపడం దాని ప్రత్యేకత. కాఫీలోని చిక్కదనం కోరుకునేవారికి ఇది తృప్తినిస్తుంది. అయితే పాలు, చక్కెర రెండూ అధికం కాబట్టి నిత్యపానీయంగా కాక, అతిథి వచ్చినప్పటి గౌరవంగా ఉంచుకోవాలి.

జాగ్రత్తలు

కాఫీ మాని, చక్కెర పెంచుకుంటే ప్రయోజనం లేదు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు కప్పులు తాగేవారి లెక్క చూడండి: చెంచాకు 4 గ్రాముల చొప్పున 32 గ్రాములు. అదనపు చక్కెర రోజుకు దాదాపు 25 గ్రాములకు మించకుంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. చాయ్ ఒక్కటే ఆ హద్దు దాటించేస్తుంది. వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక క్రమంగా అలవాటుపడుతుంది.

భోజనంతోపాటు టీ తాగకూడదు. అందులోని టానిన్లు ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రక్తహీనత ఉన్న మహిళలు, ఎదిగే ఆడపిల్లలు భోజనానికీ చాయ్‌కీ మధ్య కనీసం ఒక గంట విరామం పాటించాలి. గర్భిణులు రోజుకు 200 మి.గ్రా. కెఫీన్ మించకుండా చూసుకోవాలి. పొగలుగక్కే చాయ్‌ని అలాగే గొంతులో పోసుకోవడమూ మంచిది కాదు. 65 డిగ్రీలు మించిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది.

కాఫీని ఒక్కసారిగా మానితే మరుసటి రోజుకే తలనొప్పి, చిరాకు మొదలై కొన్ని రోజులు వేధిస్తాయి. అందువల్ల మూడు కప్పులను రెండుకు, రెండింటిని ఒకటికి తగ్గిస్తూ, ఖాళీ అయిన ప్రతి వేళకూ ఒక చాయ్‌ని నిర్ణయించుకోవాలి. ఉదయం బ్లాక్ టీ, మధ్యాహ్నం గ్రీన్ టీ, రాత్రికి కర్కదే. రమజాన్ తొలి ఉపవాసాల్లో తలనొప్పితో బాధపడేవారు షాబాన్ మాసం చివరి రెండు వారాల్లోనే ఈ మార్పు మొదలుపెడితే ఎంతో ఊరట పొందుతారు.

చేసే చేయి ఎవరిది?

మౌలానా అబుల్ కలాం ఆజాద్ అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధంలో ఉన్నప్పుడు రాసిన లేఖల సంపుటి ‘గుబారె ఖాతిర్’. అందులో తేనీటి ప్రస్తావన విస్తారంగా ఉంది. ఆయనకు మల్లె పరిమళపు చైనా టీ ఇష్టం. పాలు కలపడం ఆయనకు బొత్తిగా నచ్చదు. తెల్లవారకముందే లేచి, తన చాయ్ తానే కాచుకునేవారు. అంతటి పండితునికి అది చిన్నతనంగా తోచలేదు.

మన ఇళ్లలో మాత్రం రోజుకు ఐదారుసార్లు స్టౌ ముందు నిలబడేది తల్లి, లేదా కోడలు. పై పానీయాల్లో దేనికీ పది పదిహేను నిమిషాలకు మించిన శ్రమ లేదు. ఇంటి యజమాని కాఫీ మానదలచుకుంటే, ఆ భారం మళ్లీ ఇల్లాలి మీదే పడకూడదు. నీళ్లు మరిగించడం, ఆకు కొలవడం, గడియారం చూడటం ఆయనే నేర్చుకోవాలి. అస్ర్ తర్వాత భర్త స్వయంగా కాచిన సులైమానీని ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తాగితే, ఆ ఇంట్లో కాఫీ లేని లోటు ఎవరికీ కనిపించదు.