తాతగారి తుపాకీకి మెరుగు పెట్టించాలా? ముందు ఇవి తెలుసుకోండి

దోహాలో ఉండేవాళ్ళకి బర్వా అల్ బరాహా గురించి చెప్పనక్కరలేదు. బయటి దేశాల్లో ఉన్న పాఠకుల కోసం రెండు ముక్కలు. మనవాళ్ళంతా సనయా అని పిలుచుకునే ఇండస్ట్రియల్ ఏరియా వైపు, వేలాది మంది కార్మికులు నివసించే పెద్ద కాలనీ అది. పక్కనే వర్క్‌షాపులు, గోదాములు. లేత్ పని, వెల్డింగ్, పాలిషింగ్, పెయింటింగ్, ఏది కావాలన్నా చేతిలో పనితనం ఉన్న మనిషి అక్కడ దొరుకుతాడు. అందులో మన తెలుగువాళ్ళూ తక్కువేం కాదు.

మొన్నొక శుక్రవారం సాయంత్రం అక్కడ కరక్ చాయ్ తాగుతుండగా ఒక మిత్రుడు ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. గోదావరి జిల్లాలో వాళ్ళ ఇంట్లో ఉన్న పాత పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ. తాతగారు కొన్నది, బర్మింగ్‌హామ్‌లో తయారైనది. ఇప్పుడు నాన్నగారి పేరు మీద లైసెన్సు ఉంది, ఆయనకి డెబ్బై నాలుగేళ్ళు. గొట్టాల మీద నలుపు పోయి మచ్చలు పడ్డాయి, చెక్క మసకబారింది. వచ్చే నెల సెలవులో ఊరెళ్ళినప్పుడు దాన్ని కొత్తదానిలా చేయించి నాన్నగారి చేతిలో పెట్టాలని మావాడి కోరిక. "మన వర్క్‌షాపులో బఫింగ్ కుర్రాడు అరగంటలో అద్దంలా చేసేస్తాడు, ఇండియాలో ఇలాంటివాడు ఎవడున్నాడు?" అన్నాడు.

కోరిక మంచిదే. కానీ అద్దంలా చేసే ఆ అరగంటలో ఎంత పోతుందో చెబితే వాడు చాయ్ పక్కన పెట్టేశాడు. ఇలాంటి ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే మీకూ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందు సంగతి: ఇక్కడికి తేవద్దు

ఇండియా నుంచి తుపాకీ బయటికి తీసుకెళ్ళాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం పదో సెక్షన్ ప్రకారం ప్రత్యేక లైసెన్సు ఉండాలి. ఖతర్‌లో కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా ఆయుధం దగ్గర పెట్టుకోవడం నేరం. 2017 నుంచి కతారాలో జరిగే స్హైల్ వేట, డేగల ప్రదర్శనలో వేట తుపాకులు చూసి "ఇక్కడ ఇదంతా మామూలే" అనుకోకండి. అక్కడ కొనేవాళ్ళకీ అనుమతి పత్రాలు ఉండాల్సిందే.

తుపాకీ మాట అలా ఉంచండి, తాతగారి గుర్తుగా ఒక పాత తూటా, కాల్చేసిన ఖాళీ తూటా కూడా సూట్‌కేసులో వేసుకోకండి. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో అది బయటపడితే సెలవు కాస్తా పోలీస్ స్టేషన్‌లో గడిచిపోవచ్చు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

మెరుగు అంటే ఏమిటి?

తుపాకీ గొట్టం మీద కనిపించే నీలి నలుపు రంగు పెయింటు కాదు. ఇనుము పైపొరనే నల్లని ఆక్సైడుగా మారిస్తే వచ్చే రంగు అది. దీన్ని బ్లూయింగ్ అంటారు. ఇందులో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది వేడి పద్ధతి. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన నీటిని సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరిగించి అందులో ముంచుతారు. పని త్వరగా అయిపోతుంది. నేటి ఫ్యాక్టరీ తుపాకులు చాలావాటికి ఇదే.

రెండోది నెమ్మది పద్ధతి, రస్ట్ బ్లూయింగ్. గొట్టాన్ని జిడ్డు లేకుండా శుభ్రం చేసి, తుప్పు పట్టించే ద్రావకం పల్చగా పూసి, తేమగా ఉండే పెట్టెలో ఉంచుతారు. ఎర్రని తుప్పు పొర వస్తుంది. దాన్ని శుభ్రమైన నీళ్ళలో ఉడికిస్తే ఎరుపు నలుపుగా మారుతుంది. పైన వదులుగా ఉన్న పొడిని మెత్తని ఉక్కు బ్రష్షుతో తీసేస్తారు. ఇదే వరుస మళ్ళీ మళ్ళీ, ఆరు సార్లో ఎనిమిది సార్లో చేస్తే అసలైన రంగు తేలుతుంది. మన శత్రువైన తుప్పునే కాపలా పెట్టుకోవడం అన్నమాట. రోజుల తరబడి ఓపిక ఉండాలి.

పాత డబుల్ బ్యారెల్‌కి రెండో పద్ధతే ఎందుకు? రెండు గొట్టాలనీ, వాటి మధ్య రిబ్ అనే సన్నని పట్టీనీ పాతరోజుల్లో సీసం, తగరం కలిసిన టంకంతో అతికేవారు. 140 డిగ్రీలకి ఆ టంకం కరగదు కానీ, కాస్టిక్ సోడా దాన్ని కొరికేస్తుంది. పైగా ఆ ద్రావకం రిబ్ కిందికి చేరి లోపలే ఉండిపోతుంది. బయటికి నిగనిగలాడుతూ కనిపించే గొట్టం కొన్నాళ్ళకి లోపల తుప్పు తింటుంది, రిబ్ ఊడి వస్తుంది. మాకు తెలిసిన ఒకాయన తమ్ముడు ఇలాగే ఒక ప్లేటింగ్ షాపులో ఇచ్చి చేయించాడు. రిబ్ లేచిపోవడమే కాదు, బఫింగ్ చక్రం కింద గొట్టం మీద నంబరు సగం చెరిగిపోయింది.

నంబరు చెరిగితే ఏమవుతుంది?

ఆయుధాల చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం తుపాకీ మీద ముద్రించిన పేరు, నంబరు, గుర్తులు చెరపడం, మార్చడం నిషేధం. లైసెన్సులో రాసిన నంబరు తుపాకీ మీద కనపడకపోతే అది మీ తుపాకీయే అని చెప్పుకునే దారేది? కాబట్టి పనికి ఇచ్చే ముందు ప్రతి గుర్తునీ దగ్గరగా ఫోటో తీసి పెట్టుకోండి.

నంబరుతో పాటు గొట్టాల కింది భాగంలో ప్రూఫ్ ముద్రలు ఉంటాయి. ఇంగ్లీషు తుపాకులకి లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసులు పరీక్షించి వేసిన ముద్రలివి. ఆ గొట్టం పాత నల్లమందుకి మాత్రమే పరీక్షించిందా, నేటి పొగలేని మందుకి కూడానా అన్నది వీటిని బట్టే తెలుస్తుంది. పాత తుపాకుల్లో తూటా గది రెండున్నర అంగుళాలది కావచ్చు, ఇప్పటి తూటా పొడవు అంతకంటే ఎక్కువ. మెరుగు పెట్టినంత మాత్రాన పాత తుపాకీ పేల్చడానికి పనికొస్తుందని అనుకోకండి.

గొట్టం మీద అలలు అలలుగా చారలుంటే అది డమాస్కస్ గొట్టం. ఇక్కడ మనవాళ్ళు ఒక పొరపాటు పడుతుంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళి కత్తులైన మాట నిజమే. కానీ తుపాకీ డమాస్కస్ వేరు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి, చుట్టి, అతికి చేసిన గొట్టమది. దానికి ఆమ్లంతో చారలు తేలేలా చేసే ప్రత్యేక పద్ధతి ఉంది. మామూలు నలుపు పూస్తే ఆ అందమంతా పోతుంది.

పనివాడిని ఎలా పట్టుకోవాలి?

హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అనే పేరు 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ పెట్టిన ఫిరంగుల కార్ఖానా వల్ల వచ్చింది. ఉత్తరాన బీహార్‌లోని ముంగేర్‌లో 18వ శతాబ్దంలో మీర్ ఖాసిం కాలం నుంచి తుపాకుల పని ఉంది. పనితనం మన దేశంలో లేదని కాదు, వెతుక్కోవాలి అంతే.

1. లైసెన్సు అడగండి. ఐదో సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతు చేసేవాడికి కూడా లైసెన్సు ఉండాలి. "మా ఊళ్ళో ఒక కంసాలి చేస్తాడు" అంటే మీ ఇద్దరికీ చిక్కే.

2. లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో, షూటింగ్ క్లబ్బుల్లో వాకబు చేయండి. పోటీలకి వెళ్ళేవాళ్ళు తమ తుపాకీని ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు.

3. చేసిన పని చూపించమనండి. అక్షరాలు, చెక్కుడు పని అంచులు పదునుగా ఉన్నాయా, స్క్రూ గాట్లు చెడకుండా ఉన్నాయా, గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూస్తే ఎక్కడా అలలు లేకుండా ఉందా గమనించండి.

4. "డబుల్ బ్యారెల్‌కి ఏ పద్ధతి వాడతారు?" అని అడగండి. వేడి పద్ధతి అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. "ముందు గొట్టం మందం కొలవాలి, ఆ తర్వాతే చెబుతాను" అన్నవాడు నమ్మదగ్గవాడు.

5. చెక్క సంగతి కూడా అడగండి. మిషనుతో రుద్దితే చెక్క తగ్గిపోయి ఇనుము పైకి లేచినట్టు కనిపిస్తుంది. పాత మురికి మెల్లగా తీసి అవిసె నూనె పలచగా పట్టించేవాడు కావాలి.

6. నంబరుతో సహా రసీదు తీసుకోండి.

ఎవరు పట్టుకెళ్ళాలి?

మూడో సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. లైసెన్సుదారు వెంట ఉన్నా, ఆయన రాతపూర్వకంగా అధికారం ఇచ్చినా, మరమ్మతు కోసం వేరొకరు తుపాకీ తీసుకెళ్ళవచ్చు. అంటే నాన్నగారు రాసిచ్చిన ఉత్తరం లేకుండా మావాడు ఒక్కడూ కారులో వేసుకుపోతే తప్పే. ఆశ్చర్యపరుద్దామన్న ప్లాను అక్కడే ఆగిపోయింది.

లైసెన్సుదారు చనిపోతే ఈ వెసులుబాటు కూడా ఉండదు. తుపాకీని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో జమ చేసి, వారసులు తమ పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. అయితే 2016 ఆయుధాల నిబంధనల్లో ఒక మంచి మార్గముంది. లైసెన్సుదారుకి డెబ్బై ఏళ్ళు నిండినా, తుపాకీ ఆయన దగ్గర ఇరవై ఐదేళ్ళుగా ఉన్నా, బతికుండగానే తన వారసుణ్ణి సూచించవచ్చు. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు దగ్గర రెండు తుపాకులకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది. మనలా విదేశాల్లో ఉండేవాళ్ళు, తాము లేనప్పుడు తుపాకీ ఎవరి భద్రతలో ఉంటుందో కూడా ముందే తేల్చుకోవాలి.

మావాడు కాసేపు లెక్క వేసుకున్నాడు. సెలవు ముప్ఫై రోజులు. నాన్నగారికి డెబ్బై నాలుగు. ఊళ్ళో ఉండే తమ్ముడి పేరు సూచించి కాగితాల పని మొదలుపెట్టడానికే ఈ సెలవు వాడతానన్నాడు. మెరుగు సంగతి, మంచి పనివాడు దొరికాక నాన్నగారినే వెంటబెట్టుకుని వెళ్ళి చూస్తాడట. ఈలోగా నూనె గుడ్డతో తుడిచి పెడితే చాలు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడట. నాన్నగారు విని, "ఆ కుడివైపు మచ్చ మా నాన్న చెయ్యి పట్టుకున్న చోటురా, దాన్ని మాత్రం తీయించకు" అన్నారట.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి తుపాకీ ఉంటే, పెద్దలు ఉండగానే లైసెన్సు కాగితాలు ఒకసారి బయటికి తీసి చూడండి. మెరుగు ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు.