మే నెల పాకాల

పక్షుల్ని చూడటానికి చలికాలమే మంచిదని చాలామంది నమ్మకం. మార్చి దాటితే పాకాల కట్ట మీద బైనాక్యులర్ పట్టుకున్న మనిషి అరుదు. నర్సంపేటలో బడిపంతులుగా ఉన్న రోజుల నుంచీ నేను మాత్రం మే నెలలోనే వెళ్తున్నాను. వలస బాతులు ఉత్తరానికి వెళ్లిపోయిన మాట నిజమే. మిగిలినవి మన పక్షులు. వాటిలో చాలా వాటికి జతకట్టే కాలం, గొంతు విప్పే కాలం ఈ ఎండలే.

పాకాల చెరువు వరంగల్‌కు 50 కిలోమీటర్ల దూరం. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దం మొదట్లో, గుట్టల నడుమ కట్ట పోసి నీళ్లు నిలిపారు. అందుకే ఇక్కడ అడవి చెరువు అంచుదాకా దిగి వస్తుంది. ఒకే నడకలో రెండు లోకాలూ చూడొచ్చు.

నేను ముందు అడవి వైపే నడుస్తాను, తెల్లవారకముందే. టేకు ఆకు రాల్చి మోడుగా ఉంటుంది కాబట్టి కొమ్మ మీద పిట్ట దాక్కోలేదు. మండే ఎండాకాలం మనకు చేసే మేలు అది. డేగలా కనిపించే కోయిల జాతి పక్షి ఒకటి స్వరం పెంచుకుంటూ పోయి చటుక్కున ఆపేస్తుంది. అది గూడు కట్టదు. కోయిల కాకి గూట్లో పెట్టినట్టే, ఇదీ వేరే పిట్టల గూట్లో గుడ్లు పెడుతుంది.

వాగు ఎండిపోయి అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. చుట్టుపక్కల ప్రాణులన్నీ నీళ్లకు అక్కడికే రావాలి. అందుకని తిరగడం మానేసి, మడుగుకు కాస్త ఎడంగా చెట్టు చాటున కూర్చోవాలి. మొదట పిగిలిపిట్టలు దిగుతాయి, తర్వాత గువ్వలు. ఓపిక పడితే తోక పిగిలిపిట్ట వస్తుంది. తెల్లటి మగపిట్ట రిబ్బను లాంటి పొడవైన తోకతో నీటిని తాకి లేస్తుంటే ఊపిరి బిగబట్టి చూస్తాను. ఎన్నేళ్లు చూసినా తనివి తీరలేదు. తునికాకు కోసేవాళ్లు ఆ దారినే వస్తారు. తునికిపండ్లకు ఎలుగుబంట్లు తిరిగే కాలం గనక, ఎటు పోకూడదో వాళ్లనడిగి తెలుసుకోవడం మంచిది.

ఎండ ఎక్కేలోగా చెరువు వైపు రావాలి. నీళ్లు వెనక్కి పోయి శిఖం, అంటే చెరువు అడుగు నేల, బయటపడి ఉంటుంది. చలికాలమంతా తెల్లగా కనిపించిన పశువుల కొంగకు ఇప్పుడు తల, మెడ, వీపు నారింజ రంగు తిరిగి ఉంటాయి. పైన పాలపిట్ట ఎత్తుకు ఎగిరి, ఆడపిట్ట కోసం పల్టీలు కొడుతూ కిందికి దూకుతుంది. దసరానాడు ఒక్కసారి చూసి దండం పెట్టేవాళ్లు ఈ విన్యాసం కూడా చూడాలి.

కానీ శిఖంలో కళ్లు ఆకాశంలో పెట్టి నడవకూడదు. నీళ్ల ఒడ్డున వల ఆరేసుకుంటున్న పెద్దాయన ఒకసారి అరిచాడు: “సారూ, ఆగుండ్రి! కాలి కాడ గుడ్లున్నయ్.” తీతువు గుడ్లు. గూడు లేదు, గడ్డి లేదు. రాళ్ల మధ్య రాళ్ల రంగులోనే ఉన్నాయి. ఆ ఎండకు నేల కాలిపోతుంటే, తల్లిదండ్రులు నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. మనం దగ్గర నిలబడితే అవి గుడ్లు వదిలి నెత్తిమీద తిరుగుతూ అరుస్తాయి. ఆ కాసేపట్లో గుడ్లు ఎండకు ఉడికిపోవచ్చు. ఫొటో కోసం అక్కడ ఆగడం అన్యాయం.

మీ ఊరికి దగ్గర్లోనూ ఒక చెరువు, నాలుగు చెట్లు ఉండే ఉంటాయి. ఈ వేసవిలో ఒక పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకొని వెళ్లండి. ఫోన్లో పిట్టల కూతలు వినిపించి వాటిని పిలవకండి, కుక్కల్ని తీసుకెళ్లకండి. తీతువు అరిస్తే వెంటనే వెనక్కి తిరగండి.