వేలంపాటకు వెళ్ళుటకు ముందు

చిల్లకూరు పరిసరముల రైతుబిడ్డలకు గూడూరు నిమ్మకాయల మార్కెట్టు క్రొత్త కాదు. అయినను వేలమును చూచుట వేరు, స్వయముగా పాడుట వేరు.

మొదట ప్రకటనలోని షరతులు చదివి, ధరావతు ఎంతో, మిగిలిన సొమ్ము చెల్లించు గడువేదో తెలిసికొనవలెను. సరుకును పాటకు ముందే కన్నులార చూడవలెను. తన తుది ధరను ఇంటివద్దనే కాగితముపై వ్రాసికొని, దానిని దాటరాదు.

1930 నాటి సరుకుల విక్రయ చట్టము 64వ సెక్షను ప్రకారము, సుత్తి దెబ్బతోగాని వాడుకలోనున్న మరొక రీతినిగాని పాట ముగిసినదని ప్రకటించువరకు పాడినవాడు వెనుకకు తగ్గవచ్చును, ఆపై వీలులేదు. అమ్మువాడు బూటకపు పాటలతో ధర పెంచినచో కొన్నవాడు అమ్మకమును రద్దుపరచుకొనవచ్చును. భూములకు ఈ చట్టము వర్తించదు.

పంతమునకు పాడిన పాటకు మూల్యము చెల్లించునది ఇంటిల్లిపాది. విద్యార్థులారా, వదలుకొన్న పాట ఓటమి కాదు.