చేవ టేకులో బిట్ ఎందుకు వణుకుతుంది?

కొండపల్లి బొమ్మలకు వాడేది తెల్ల పొణికి. తేలికపాటి కర్ర, ఉలి మాట వింటుంది. ఇళ్ల సింహద్వారాలకు మాత్రం అందరూ కోరేది టేకు, అందులోనూ చేవ. ఆ తలుపుల మీద లతలూ దేవతామూర్తులూ ఇప్పుడు చాలాచోట్ల అంకెలతో నడిచే సీఎన్‌సీ రూటరే చెక్కుతోంది. చేవలోకి దిగిన బిట్ ఒక్కోసారి వణికి కీచుమంటుంది. చెక్కిన చోట అలల్లా గీతలు పడతాయి. ఎంత గరుకు కాగితం రుద్దినా అవి ఓ పట్టాన పోవు.

ఈ జబ్బు సీఎన్‌సీ కన్నా పాతది. లోహాల కోతపై ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన అమెరికన్ ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్, 1907లో అచ్చయిన తన గ్రంథంలో, ఈ వణుకు యంత్రకారుడికి ఎదురయ్యే సమస్యలన్నిటిలోకీ అంతుచిక్కనిదని రాశాడు. హెలికాప్టర్ రెక్కల కోసం జాన్ పార్సన్స్ మొదలుపెట్టిన ఆలోచన 1952లో ఎంఐటీలో అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రంగా నిలబడింది. చేతిపని అంకెలకు మారింది గానీ వణుకు పోలేదు. దాని గుట్టు విప్పింది 1950ల్లో చెకొస్లొవేకియాలో త్లుస్టీ, ఇంగ్లండులో టోబియాస్ వంటి పరిశోధకులు.

బిట్‌లో ఒక పన్ను కోసిన చోట సన్నని అల మిగులుతుంది. తర్వాతి పన్ను ఆ అల మీదే దిగాలి. పొట్టు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా తెగడంతో బిట్ మీద పడే బలం ఎగుడుదిగుడవుతుంది, వణుకు పెరుగుతుంది. గతుకు మీద బండి ఎగిరిపడే కొద్దీ గతుకు లోతైనట్టే. అంటే బిట్ తన జాడలోనే తాను తడబడుతోంది.

కాబట్టి వణుకు వినగానే ఫీడ్, అంటే బిట్ ముందుకు సాగే వేగం, ఒక్కటే తగ్గించడం సరైన వైద్యం కాదని నా గట్టి అభిప్రాయం. రెండు పళ్ల బిట్ నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ 3,600 మిల్లీమీటర్లు నడిస్తే, ఒక్కో పన్ను 0.1 మిల్లీమీటరు కోస్తుంది. ఫీడ్ బాగా తగ్గితే పన్ను కోయడం మాని రుద్దుతుంది. కర్ర మాడుతుంది. టేకులో సహజంగానే ఉండే సిలికా అంచును ఎలాగూ తినేస్తుంది, ఈ రాపిడి దానికి తోడవుతుంది. బిట్‌ను తిప్పే స్పిండిల్‌ను 15,000 చుట్లకు దించి, ఫీడ్‌ను 3,000కు మార్చి చూడండి. పొట్టు మందం అంతే ఉంటుంది, అల మీద పన్ను పడే వేళ మారుతుంది.

అన్నిటికన్నా బలమైన మందు బిట్ పొడవు తగ్గించడం. బిట్‌ను బిగించి పట్టే కోలెట్ బయట 40 మిల్లీమీటర్లు ఉన్నదాన్ని 20కి తగ్గిస్తే, వంగడం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సన్నని నగిషీకి మొన చిన్నగా, మొదలు లావుగా ఉండే గుండ్రని మొన బిట్ పనికొస్తుంది. కోలెట్‌లో దుమ్ము, జిగురు పేరుకున్నా, పలక నడిమధ్య బల్లకు అంటకుండా ఎగురుతున్నా ఈ లెక్కలేవీ నిలవవు.

రూటర్ నడిపే తమ్ముళ్లూ, ఈసారి కీచుమన్నప్పుడు ఫీడ్ మీటకు చెయ్యి వేయకముందు యంత్రం ఆపి, బిట్ ఎంత బయటికుందో స్కేలు పెట్టి కొలవండి.