పసివాడితో నీటి ఒడ్డున

వేసవి వచ్చిందంటే మా నాగారంలో ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే చర్చ: ఈసారి పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్ళాలి? కీసర మీదుగా వెళితే శామీర్‌పేట చెరువు ఉంది. నగరంలోకి వెళితే హుసేన్ సాగర్ ఉంది. రాంపల్లి చౌరస్తా దాటి ఘట్‌కేసర్ చేరితే వరంగల్ రహదారి, దాని వెంట కాకతీయులు తవ్వించిన చెరువులు ఉన్నాయి. మా చిన్నతనంలో వేసవి సెలవులంటే నానీ ఇల్లు, మామిడిపండ్లు, అంతే. ఇప్పటి పిల్లలకు గుడారమూ పడవా కావాలి. మదరసా సెలవులు చంద్రుని లెక్కన, బడి సెలవులు ఎండల లెక్కన వస్తాయి కనుక ఇంటిల్లిపాదికీ ఒకేసారి తీరిక దొరకడం మా వంటివారికి అరుదు. గత వేసవిలో ఎట్లాగో నాలుగు రోజులు దొరికాయి. పెద్ద కుమారుడు, కోడలు, వారి ఇద్దరు పిల్లలు, చిన్న కుమారుడు, మా ఇంటావిడ, మేము బయలుదేరాము. మనుమరాలికి ఏడేళ్ళు. మనుమడికి పదహారు నెలలు. అప్పుడప్పుడే తప్పటడుగులు దాటి పరుగు నేర్చుకుంటున్నాడు.

ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం మా గమ్యం. నాగారం నుండి సుమారు 200 కిలోమీటర్లు. 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో, కొండల నడుమ ఉన్న ఇరుకుకు కట్ట వేసి నిలిపిన నీరు అది. ఏడు వందల ఏళ్ళు గడిచినా ఆ నీరు నేటికీ పొలాలకు పారుతూనే ఉంది. మధ్యలో దీవులు, వాటిని కలుపుతూ వేలాడే వంతెన. మే నెల ఎండలో పసిబిడ్డతో ప్రయాణం కనుక ఫజ్ర్ ముగియగానే కారెక్కి, పొద్దెక్కేలోగా హన్మకొండ దాటాలని నిర్ణయించుకున్నాము. ఓఆర్‌ఎస్ పొట్లాలు, తడిపిన నూలు తువాళ్ళు, దోమతెర, బిడ్డకు అలవాటైన జావ పిండి ఇవన్నీ కోడలు సర్దింది. వేసవిలో పసివాడు దాహమని చెప్పలేడు. మూత్రం తగ్గినా, నోరు పొడిబారినా, ఆట మాని వాలిపోయినా అది దాహమేనని గ్రహించాలి. ఆమె ఈ సంగతి మాకంటే బాగా ఎరుగును.

పడవ ముచ్చట ముందుగా చెప్పాలి. దారిలో ఒక రేవు వద్ద ఆగాము. దాని పేరు ఇక్కడ అనవసరం. అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు, బిడ్డకు తప్ప. "ఒళ్ళో పెట్టుకోండి సాబ్, అరగంటే కదా" అన్నాడు పడవ మనిషి. పెద్దల జాకెట్ తొడిగి చూశాము. భుజాల దగ్గర పట్టి పైకెత్తగానే జాకెట్ చేతికి వచ్చింది, బిడ్డ కింద మిగిలాడు. నీటిలోనూ జరిగేది అదే. పసివాడి జాకెట్‌కు కాళ్ళ మధ్య నుండి బిగించే పట్టీ ఉండాలి, తల వెనక్కి వాలినా ముఖం నీటిపైన నిలిపే మెడపట్టీ ఉండాలి. గాలి ఊదిన రబ్బరు చక్రాలు ఆటవస్తువులే గాని రక్షణ సాధనాలు కావు. ఇక ఒళ్ళో ఉన్న బిడ్డ సంగతి: పడవ ఒరిగిన క్షణాన మనిషి చేతులు తనకు తెలియకుండానే తెరుచుకొని ఆధారం కోసం వెదుకుతాయి. మేము ఎక్కలేదు. చిన్న కుమారుడు అలిగాడు. ఇచ్చిన టిక్కెట్టు డబ్బులు తిరిగి రాలేదు.

ఈ పట్టుదల మాకు ఊరకే రాలేదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం, పాపికొండలకు వెళుతున్న పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. డెబ్బై మందికి పైగా ఉన్న ఆ పడవలో ప్రాణాలతో ఒడ్డు చేరినవారు 26 మంది. వారిలో మన తెలంగాణ నుండి వెళ్ళిన కుటుంబాలున్నాయి, చిన్నపిల్లలున్నారు. గోదావరి వరదమీద ఉన్న రోజది. పడవను పైకి తీయడానికి నెలకు పైగా పట్టింది. అంతకు ఐదేళ్ళ ముందు, 2014 జూన్ 8న, హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ళమీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువన జలాశయం నుండి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ వార్తలు వచ్చిన రోజుల్లో మా వీధిలో చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. నది ఒడ్డున గుడారం వేయదలచినవారు పైన ఆనకట్ట ఉందా, నీరు ఎప్పుడు వదులుతారు అని స్థానికులను అడిగి తెలుసుకోవాలి. చెరువు ఒడ్డున వేయదలచినవారు మట్టి తవ్విన గుంతలు ఎక్కడున్నాయో అడగాలి. వేసవిలో నీరు తగ్గి చెరువు నిమ్మళంగా కనబడుతుంది. ఆ గుంతలు మాత్రం నీటికింద అట్లాగే ఉంటాయి.

ఇంత తెలిసిన మేము, ఇంత జాగ్రత్తగా పడవ మానుకున్న మేము, మరునాటి తెల్లవారుజామున చేసినది చెప్పుకోక తప్పదు.

లక్నవరం చేరువలో గుడారాలు వేసుకున్నాము. నీటికి యాభై అడుగుల దూరం. చీకటి పడగానే పిల్లలను లోపలికి చేర్చమన్న ప్రవక్త (స) బోధను పాటించాము. బూట్లు దులిపి గుడారంలోనే పెట్టాము. దీపం ఆర్పివేసి పడుకున్నాము. ఫజ్ర్ వేళకు అందరం లేచాము. చెరువు నీటితో వుజూ చేసి, ఇసుకమీద చాపలు పరచి, జమాఅతుగా నిలబడ్డాము. మేము ఇమాము. వెనుక కుమారులిద్దరు, వారి వెనుక స్త్రీలు. బిడ్డ గుడారంలో నిద్రిస్తున్నాడు. వుజూకు లేచినప్పుడు గుడారం జిప్పు ఎవరో తెరిచారు, ఎవరూ మూయలేదు. ప్రతి ఒక్కరూ వాడిని మరొకరు చూసుకుంటున్నారని అనుకున్నారు.

రెండవ రకఅతులో ఉండగా వెనుక నుండి కేక వినిపించింది: "దాదా! మున్నా నీళ్ళలో!" ఓఢ్నీ కోసం గుడారానికి తిరిగి వెళ్ళిన మనుమరాలి గొంతు అది. చిన్న కుమారుడు నమాజు విడిచి పరుగెత్తాడు. మేము ఒక్క క్షణం తటపటాయించాము. ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడటానికి నమాజు విడవడం తప్పనిసరి విధి అని హనఫీ ఫిఖ్ గ్రంథాలు చెబుతాయి. ఆ పాఠాన్ని మేమే పాతికేళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్నాము. అయినా ఆ క్షణాన నాలుక ఆయతును పూర్తిచేయాలని చూసింది.

మేము వెనుదిరిగేసరికి మనుమరాలు వాడి చొక్కా వెనుక భాగాన్ని రెండు చేతులా పట్టుకొని, మోకాటి లోతు నీటిలో కూర్చుండిపోయి ఉంది. వాడు ఏడవడం లేదు. నీటిలో పసిబిడ్డ చప్పుడు చేయడు. సినిమాలలో చూపినట్లు చేతులు కొట్టుకోవడమూ ఉండదు. తల బరువుకు ముందుకు వాలితే తిరిగి లేపుకోలేడు. అందుకు అడుగు లోతు నీరు కూడా అవసరం లేదు, ఇంట్లో స్నానాల గదిలోని బకెట్టు చాలు. ప్రపంచవ్యాప్తంగా నీట మునిగి మరణించేవారిలో నలుగురిలో ఒకరు ఐదేళ్ళ లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెల్లడించింది.

అల్‌హమ్‌దులిల్లాహ్, వాడికి ఏమీ కాలేదు. కోడలు మాతో ఒక్క మాట అనలేదు. ఆ రోజంతా వాడిని చంక దించలేదు.

తిరుగు ప్రయాణంలో ఖసస్ సూరా గుర్తుకు వచ్చింది. పసికందు మూసా (అలైహిస్సలాం)ను తల్లి నదిలో విడిచిన వృత్తాంతం బోధించేటప్పుడు, ఆ తల్లి తవక్కుల్ గురించి మేము గంటసేపు చెప్పేవారము. అయితే ఆమె బిడ్డను నీటికి అప్పగించి ఇంట్లో కూర్చోలేదు. కుమార్తెను వెంట పంపింది. ఆ బాలిక ఎవరికీ అనుమానం రాకుండా, దూరం నుండి కన్ను మరల్చకుండా చూసింది. ఆ అక్క సంగతిని మేము ఒక వాక్యంలో దాటవేసేవారము. అట్లాగే నిసా సూరాలోని యుద్ధరంగపు నమాజు. ఒక బృందం ఇమాము వెనుక నిలబడితే రెండవ బృందం ఆయుధాలతో కాపలా కాస్తుంది, ఆపైన స్థానాలు మార్చుకుంటారు. శత్రుభయం వేళ కూడా అందరూ ఒకేసారి వెన్ను తిప్పరాదన్న ఆ ఏర్పాటును నల్లబల్లమీద గీతలు గీసి మరీ వివరించేవారము. చెరువు ఒడ్డున అది మా తలపుకు రాలేదు.

ఈ వేసవిలో మళ్ళీ వెళ్ళాము. మానుకుందామని మా ఇంటావిడ అన్నది, కోడలే వెళదామన్నది. ఈసారి బిడ్డ కొలతకు సరిపోయే జాకెట్ కొని వెంట తీసుకున్నాము. పడవలో వాడు వేలు నీటికి తగిలించి కిలకిల నవ్వాడు. గుడారం దగ్గర ఒక ఎర్ర రుమాలు ఉంచాము. అది ఎవరి మెడలో ఉంటే ఆ గంట బిడ్డ వారిది. వారు ఫోను ముట్టరాదు, వంట చేయరాదు. గంట కాగానే రుమాలును ఎదుటివారి చేతిలో పెట్టి, బిడ్డ పేరు పలికి, అవతలివారు "నా దగ్గరున్నాడు" అన్న తరువాతే కదలాలి. జమాఅతులు రెండు. మొదటి దానికి పెద్ద కుమారుడు ఇమాము, రెండవ దానికి మేము.

తెల్లవారుజామున మొదటి జమాఅతు నిలబడినప్పుడు రుమాలు మా మెడలో ఉంది. వాడు లేచి కూర్చొని, "దాదా, నీయ్యు" అని చెరువు వైపు చూపాడు. ఎనిమిదేళ్ళ మనుమరాలు నమాజు వరుసలోకి వెళ్ళబోతూ ఆగి, వెనక్కి వచ్చి, గుడారం జిప్పు మూసి ఉందో లేదో తడిమి చూసి వెళ్ళింది.