చిన్నగదిలో చల్లదనము



మంగంపేట ముగ్గురాయి గని గట్టున వేసవి మధ్యాహ్నము ఒక్క గడియ నిలిచినవారికి ఎండ యనగా నేమో వేరుగ జెప్ప నక్కరలేదు. క్రింద లోతైన గుంట, చుట్టును రాతిపొడి, పైన మబ్బులేని యాకాశము. ఇట్టి చోట్ల కావలివానికో, లెక్క వ్రాయువానికో ఎనిమిదడుగుల వెడల్పు, పదియడుగుల పొడవు గల రేకుగది యొకటి యుండుట సహజము. మన యూళ్లలో సైతము ఇట్టి గదులు పెరిగినవి. చవుడు పోసిన పాత మిద్దెలు తగ్గి, వాని స్థానమున రేకుల కొట్టములును, మేడమీది యొంటిగదులును వచ్చినవి. అనేక గృహములలో ముసలివారి పడక అందులోనే. అందువలన చిన్నగదిని చల్లగా నుంచుట విలాసము కాదు, ప్రాణరక్షణ.

కొన్నేండ్ల క్రిందట నా బంధువొకరు తమ తండ్రికొరకై, గోడకు బిగింపక చక్రములపై దొర్లించుకొనిపోగల ఏసీ నొకదానిని కొని తెచ్చిరి. దాని వెనుక జానెడు లావు గల గొట్టము కలదు. ఆ గొట్టమును కిటికీకి తగిలింపక మంచము వెనుక వదలిరి. యంత్రము రాత్రి పది గంటలవరకు మ్రోగెను. ముందువైపున చల్లగాలి తగిలెను. గది మాత్రము మునుపటికంటె నెక్కువ కాగెను. పెద్దాయన మంచము వాకిటికి వేయించుకొని, "దుడ్డు పోసి పొయ్యి తెచ్చినార్రా!" అనెను. నేను నవ్వితిని గాని, పిదప నాలోచింపగా ఆయన మాట అక్షరాల నిజమని తోచెను.

ఏలయన, ఏ యంత్రమును చల్లదనమును పుట్టింపజాలదు. అది గదిలోని వేడిని మోసికొనిపోయి మరియొక చోట దింపును. బావిలోని నీటిని చేది పొలములో పోసినట్లే. చేదిన నీటిని మరల బావిలోనే పోసినచో ఫలమేమి? పైగా చేదినవాని చెమట కూడ అందులో కలియును. గొట్టము లోపలనే యున్న యేసీ చేయు పని యిదియే. తాను త్రాగిన విద్యుత్తు సైతము వేడిగా మారి ఆ గదిలోనే మిగులును.

కావున చిన్నగదికి రెండు ధర్మములు. మొదటిది, వేడి వచ్చు దారిని మూయుట. రెండవది, వేడి పోవు దారిని తెరచుట. మొదటిది చేయక రెండవదానికి ధనము వెచ్చించుట తూట్లకుండలో నీరు నింపుట వంటిది.

మొదటి ధర్మమునకు ఓడలవారి కథ యొకటి కలదు. 1833వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ రేవునుండి టస్కనీ యను తెరచాప ఓడ సుమారు 180 టన్నుల మంచుగడ్డతో బయలుదేరి, నాలుగు మాసములు సముద్రముపై నడచి కలకత్తా చేరెను. అప్పటికిని సుమారు 100 టన్నులు కరుగక మిగిలెను. ఆ యోడలో ఏ చల్లని యంత్రమును లేదు. మంచును ఒత్తుగా పేర్చి, రంపపుపొట్టు వంటి వస్తువులతో కప్పి, గాలి చొరకుండ మూసిరి, అంతే. ఆ వ్యాపారమునకే చెన్నపట్టణపు సముద్రతీరమున 1842లో మంచు నిలువచేయు మేడ నొకదానిని కట్టిరి. నాడు మన కడప సీమ చెన్నపట్టణపు ప్రభుత్వముక్రింద నుండెను. స్వామి వివేకానందులు 1897లో బస చేసినది ఆ మేడయందే. నేడది వారి పేరనే యున్నది.

ఇక మన రేకుగదిని చూతము. దాని కప్పు 80 చదరపు అడుగులు, అనగా ఏడు చదరపు మీటర్లకు పైమాట. నిర్మలమైన మధ్యాహ్నమున ఒక్కొక్క చదరపు మీటరుపై సుమారు 1,000 వాట్ల యెండ పడును. ఆ లెక్కన కప్పుపై 7,000 వాట్లు పడుచున్నవి. ఒక టన్ను ఏసీ మోయగల వేడి సుమారు 3,500 వాట్లు మాత్రమే. ఇచ్చట టన్ను యనునది యంత్రపు బరువు కాదు. 907 కిలోల మంచు ఒక దినములో కరుగుటకు పీల్చుకొను వేడి. మంచు వ్యాపారము పోయినను దాని కొలత మిగిలినది. కప్పుపై పడిన యెండ యంతయు లోనికి దిగదు గాని, సగము దిగినను యంత్రము చేతులెత్తును.

అందుచేత కప్పుపై చిక్కగా తెల్లసున్నము కొట్టుడు. దానికి మూరెడెత్తున బోదతో గాని, తాటాకుతో గాని పందిరి వేయుడు. నడుమ గాలి యాడవలయును. పడమటి గోడకు చెట్టునీడ గాని తడిక గాని యుండవలయును. నేడు చిన్న తెరచాప పడవలలో విహరించువారు సైతము పడవను రేవున కట్టినప్పుడు మొదట దానిపై గుడ్డపందిరి కట్టుకొందురు. తరువాతనే లోని చిన్నగదిలో ఏసీ పెట్టి, గొట్టమును పైతలుపుగుండ బయటికి విడుతురు. పడవగదియు, మన రేకుగదియు ఈ విషయమున అక్కచెల్లెండ్రు.

రెండవ ధర్మము గొట్టముది. గొట్టపు కొన తప్పక బయటనుండవలయును. పొట్టిగాను, వంపులేకుండను ఉండవలయును. కిటికీసందును అట్టతోనో, చెక్కతోనో బిగువుగా మూయవలయును. ఒకే గొట్టము గల యంత్రములో మరియొక చిక్కు కలదు. అది గదిలోని గాలినే వేడిచేసి బయటికి త్రోయును. గంటకు 300 ఘనమీటర్లు త్రోసినచో, మన గదిలోని గాలియంతయు నాలుగు నిమిషములకొక మారు వెడలిపోవును. ఆ ఖాళీని నింపుటకు బయటి వడగాలి తలుపుసందులనుండి లోనికి దూరును. రెండు గొట్టములున్నదానిలో ఒకటి బయటి గాలినే తెచ్చును, రెండవది దానినే పంపును. గది గాలి గదిలోనే నిలుచును. కొనువారు ఈ భేదమును అడిగి తెలిసికొనుట మేలు.

అయితే ఏసీ లేనివారి గతి యేమి? మన పెద్దలు వట్టివేళ్ల తడికలు తడిపిరి. కుండలో నీరు చల్లబరచిరి. లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావలయును. దానిని గాలినుండియే లాగుకొనును. కూలరు చేయునదియు నిదియే. మనవంటి పొడినేలలో చైత్రవైశాఖముల యందు ఇది చక్కగా పనిచేయును. సముద్రముపై పడవలో గాలి ముందే తడిసియుండుటచే అంతగా పనిచేయదు. కాని మరువరాదు: కూలరునకు కిటికీ తెరువవలయును, ఏసీకి మూయవలయును. రెండింటిని ఒకేగదిలో కలిపి నడుపుట, ఒకడు తడుపగా మరియొకడు ఆరబెట్టుట.

రాతిపొడి గల చోట యంత్రపు జల్లెడను తరచుగా కడిగి ఆరబెట్టుడు. పలుచని తీగలకు తగిలింపక, ఎర్త్ గల పెద్ద ప్లగ్గునకే తగిలింపుడు. కరెంటు పోయినప్పుడు జనరేటరును గదిలోగాని, కిటికీప్రక్కన గాని నడుపవలదు. దాని పొగలోని విషవాయువునకు వాసన లేదు. నిద్రించువాడు నిద్రలోనే పోవును.

చివరి మాట పెద్దలమైన మనకొరకే. వయస్సు మీరినకొలది దప్పిక తగ్గును, చెమట తగ్గును. అందుచేత వడ మనకు తెలియకుండనే తగులును. గదిలో 40 డిగ్రీలు దాటినప్పుడు పంకా వేడిగాలినే ఒంటిపై చల్లును; తడిగుడ్డ కప్పుకొన్నగాని దాని వలన మేలు తక్కువ. దప్పిక కాకున్నను నీరు, మజ్జిగ త్రాగుచుండుడు. ఎవరైనను మాట తడబడి, ఒళ్లు కాలి, స్పృహ తప్పుచున్నచో వెంటనే నీడకు జేర్చి, నీళ్లతో తడిపి, విసరుచు 108కి కబురు చేయుడు.

నా బంధువు మరునాడు గొట్టమును కిటికీకి బిగించి, ఆ వారముననే కప్పుపై బోదపందిరి వేయించెను. పెద్దాయన లోపలికి వచ్చి పండుకొనెను. యంత్రమును పొగడెనా యని అడుగుదురేమో. లేదు, పందిరిని పొగడెను. నాకును అదియే న్యాయమని తోచినది.